కారు నడపడం రాని పెద్దమనిషి.. న్యూయార్క్‌కు ట్రాఫిక్ రూల్స్ రాసిచ్చాడు! మేడారం వన్‌వే నుంచి జనగామ చౌరస్తా దాకా కనిపించే ఈనో కథ ఇదే

మేడారం జాతరకు కారులో వెళ్లొచ్చినవాళ్లకు ఈ సంగతి తెలుసు. వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి. ములుగు, పస్రా మీదుగా లోపలికి వెళ్లిన ప్రైవేటు బండ్లు మొక్కు తీర్చుకున్నాక అదే దారిలో వెనక్కి రావు. నార్లాపూర్, బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి వైపు మళ్లిస్తారు. అక్కడి నుంచి రేగొండ, పరకాల మీదుగా ఇంటి దారి. ఆర్టీసీ బస్సులకు తాడ్వాయి రూట్ వేరేగా ఉంటుంది.

ఈ ఏడాది జనవరి 28 నుంచి 31 దాకా జరిగిన జాతరకైనా, అంతకుముందు 2024 ఫిబ్రవరి జాతరకైనా పోలీసులు ముందుగా గీసుకునేది ఈ వన్‌వే మ్యాప్‌నే. కోటి మందికి పైగా వచ్చిపోయే చోట అడవిలో ఉన్న రోడ్డును నాలుగు రోజుల కోసం వెడల్పు చేయలేరు. బండ్లు ఎదురెదురుగా రాకుండా చూడటం ఒక్కటే చేతిలో ఉన్న పని.

బండ్లన్నీ ఒకే దిక్కుకు కదలాలి.. వినడానికి చాలా చిన్న విషయం. కానీ ఈ చిన్న విషయాన్ని నగరాల పోలీసులకు నచ్చజెప్పడానికి ఒక మనిషి సగం జీవితం ఖర్చుపెట్టారు. ఆయన పేరు విలియం ఫెల్ప్స్ ఈనో. ట్రాఫిక్ భద్రతకు పితామహుడని అమెరికాలో పిలుచుకునేది ఈయన్నే. (కడుపు ఉబ్బరానికి నీళ్లలో కలుపుకుని తాగే ఈనో పొడికి, ఈయనకు ఏ సంబంధం లేదు. అది వేరే ఈనో.)

అసలు ట్విస్ట్ ఏంటంటే.. ఈ ట్రాఫిక్ పితామహుడికి కారు నడపడం రాదు. 87 ఏళ్లు బతికి, కార్ల యుగం మొత్తం కళ్లారా చూసి కూడా స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకోలేదు. గుర్రపు స్వారీ అంటే ఇష్టం. ఆ తర్వాత కార్లలో తిరిగినా ముందు సీట్లో డ్రైవర్ ఉండాల్సిందే.

తొమ్మిదేళ్ల పిల్లాడు.. డజను గుర్రపు బండ్లు

1858 జూన్ 3న న్యూయార్క్‌లో పుట్టారు ఈనో. తండ్రి ఏమస్ ఈనో పెద్ద రియల్ ఎస్టేట్ వ్యాపారి. ఆయన కట్టించిన ఫిఫ్త్ అవెన్యూ హోటల్ 1859లో తెరుచుకుంది. జనాన్ని పై అంతస్తులకు మోసుకెళ్లే లిఫ్ట్ పెట్టిన తొలి హోటళ్లలో అదొకటి. అంటే పిల్లాడు పుట్టింది మామూలు ఇంట్లో కాదు. అమెరికా అటవీశాఖకు తొలి అధిపతిగా పేరు తెచ్చుకున్న గిఫర్డ్ పించో ఈయనకు స్వయానా మేనల్లుడు.

1867లో ఒకరోజు తల్లితో కలిసి గుర్రపు బండిలో వెళ్తుంటే బ్రాడ్‌వే రోడ్డు మీద జామ్‌లో చిక్కుకున్నారు. ఎన్ని బండ్లు ఉన్నాయనుకున్నారు? డజనుకు కాస్త అటూ ఇటూ. ఎవరో ఒకరు ముందుకొచ్చి నువ్వు ఆగు, నువ్వు వెళ్లు అని చెప్తే రెండు నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం. చెప్పేవాళ్లే లేరు. బండి తోలేవాళ్లకు ఏం చేయాలో తెలియదు, పక్కనే ఉన్న పోలీసుకూ తెలియదు. రోడ్డు చాలక వచ్చిన జామ్ కాదది, పద్ధతి లేక వచ్చింది. పెద్దయ్యాక ఈనో ఈ సంఘటనను తన పుస్తకంలో గుర్తుచేసుకున్నారు. అప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్లు.

తర్వాత యేల్ యూనివర్సిటీలో చదువు, తండ్రి వ్యాపారంలో కొన్నేళ్లు ఉద్యోగం. ఈ భాగంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1898లో తండ్రి చనిపోయారు, కోట్ల ఆస్తి మిగిలింది. నలభై ఏళ్ల వయసులో ఈనో వ్యాపారం పక్కన పెట్టేశారు. అలాంటి డబ్బున్నవాళ్లు ఆ రోజుల్లో పడవలు కొనేవారు, గుర్రప్పందేలు ఆడేవారు. ఈయన మాత్రం రోడ్డు పక్కన నిలబడి బండ్లు ఎలా ఇరుక్కుంటున్నాయో చూడటం మొదలుపెట్టారు. చుట్టుపక్కల వాళ్లకు పిచ్చిగానే అనిపించి ఉండాలి.

1900.. పత్రికలో ఒక వ్యాసం

అప్పటి న్యూయార్క్ రోడ్లను ఒక్కసారి ఊహించుకోండి. గుర్రపు బండ్లు, సామాను లాగే బండ్లు, ట్రాములు, సైకిళ్లు, అక్కడక్కడా కొత్తగా వచ్చిన మోటారు కార్లు, వీటి మధ్యలోంచి నడిచి వెళ్లే జనం. లైసెన్సు లేదు. సిగ్నల్ లేదు. స్టాప్ బోర్డు లేదు. రోడ్డు మీద గీత లేదు. ఎవరికి ఎటు వీలైతే అటు దూరేవారు.

సంత రోజు జనగామలోనో, మిర్చి సీజన్‌లో మహబూబాబాద్‌లోనో మెయిన్ రోడ్డు చూసినవాళ్లకు ఇది ఊహించడం కష్టం కాదు. గుర్రం బదులు ట్రాక్టర్, ట్రాము బదులు షేర్ ఆటో పెట్టుకుంటే చాలు. ఒకే రోడ్డు మీద రకరకాల వేగాలు.. అసలు చిక్కు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే.

1900లో ఈనో ఒక పత్రికలో వ్యాసం రాశారు. గుర్రాలు, బండ్లు ఉన్నవాళ్లు చదివే పత్రిక అది. వీధుల్లో ట్రాఫిక్‌ను వెంటనే దారిలో పెట్టాలన్నది ఆ వ్యాసం సారాంశం. రాసి ఊరుకోలేదు. రూల్స్ ఎలా ఉండాలో తనే ముసాయిదా తయారుచేసి అధికారుల చుట్టూ తిరిగారు. మూడేళ్లు పట్టింది. 1903లో పోలీస్ కమిషనర్‌గా ఉన్న ఫ్రాన్సిస్ వింటన్ గ్రీన్ చివరికి ఒప్పుకున్నారు. అదే ఏడాది చివర్లో న్యూయార్క్‌లో ఆ రూల్స్ అమల్లోకి వచ్చాయి. ఒక పెద్ద నగరానికి సమగ్రమైన ట్రాఫిక్ నిబంధనలు రావడం అదే మొదలని చెప్తారు.

సర్కారు డబ్బు కోసం ఎదురుచూడకుండా రూల్స్ కాగితాలను సొంత ఖర్చుతో అచ్చు వేయించి పంచిపెట్టించారు. రూల్ ఏంటో తెలియనివాడికి ఫైన్ వేసి ఏం లాభం అన్నది ఆయన లెక్క. ముందు తెలియాలి, తర్వాతే చలానా. ఈ వరుస ఇప్పుడు చాలాచోట్ల తిరగబడింది. చలానా ఫోన్‌కు మెసేజ్‌గా వచ్చాకే అక్కడొక రూల్ ఉందని తెలుసుకునేవాళ్లు ఎందరో!

ఆ కాగితంలో ఏముంది?

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. 1903 నాటి ఆ కాగితాన్ని తీసుకొచ్చి మన మూడు జిల్లాల రోడ్ల మీద పెడితే సరిగ్గా సరిపోతుంది. ఒక్క తేడా ఉంది. వాళ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తారు, మనం ఎడమవైపు. కాబట్టి అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోవాలి.

మొదటిది, మెల్లగా వెళ్లే బండి రోడ్డు అంచుకు ఉండాలి, వేగంగా వెళ్లేదానికి మధ్యభాగం వదలాలి. దీన్ని మహబూబాబాద్ రోడ్ల మీద పెట్టి చూడండి. నకిరేకల్ నుంచి తుంగతుర్తి, మహబూబాబాద్, నర్సంపేట మీదుగా మల్లంపల్లి దాకా వెళ్లే 365వ నంబర్ జాతీయ రహదారి ఉంది. మిర్చి సీజన్‌లో మహబూబాబాద్, కేసముద్రం మార్కెట్లకు బస్తాలతో ట్రాక్టర్లు వస్తూనే ఉంటాయి. లోడ్ ట్రాక్టర్ వేగం ఎంత? వెనక వచ్చే కారు వేగం ఎంత? ట్రాక్టర్ మధ్యలో వెళ్తే వెనకవాడు అటో ఇటో తప్పించి ముందుకు రావాలి, ఎదురుగా బస్సు ఉంటే అంతే సంగతులు. రాత్రి పూట ట్రాలీ వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా లేకపోతే దగ్గరికొచ్చేదాకా అక్కడొక బండి ఉందనే తెలియదు. గుర్రపు బండ్ల కాలంలోనే ఈనోకు అర్థమైంది ఏంటంటే, వేగం ఒక్కటే ప్రమాదం కాదు, పక్కపక్కన వెళ్లే రెండు బండ్ల వేగంలో ఉండే తేడా అంతకంటే ప్రమాదం.

రెండోది, బండి ఆపడం. న్యూయార్క్ రూల్స్ ప్రకారం బండి ఆపాలంటే తను వెళ్తున్న దిక్కులోనే, తన వైపు అంచుకు ఆనించి ఆపాలి. రోడ్డు దాటి అవతలి వైపు ఎదురుముఖంగా పెట్టకూడదు. క్రాసింగ్‌కు అడ్డంగా ఆపకూడదు. ఈ రూల్ చదువుతుంటే భూపాలపల్లి గుర్తొస్తుంది. ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి బొగ్గు టిప్పర్లు, చెల్పూరు థర్మల్ ప్లాంటుకు వచ్చిపోయే బండ్లు, గోదావరి రీచ్‌ల నుంచి ఇసుక లారీలు.. పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం మీదుగా సిరొంచ వైపు వెళ్లే 353సీ జాతీయ రహదారి మీదే ఇవన్నీ. ఇందులో కదులుతున్న లారీ సగం భయం, ఆగి ఉన్న లారీ మిగతా సగం. టీ తాగడానికో, టైరు పంక్చరయ్యో చీకట్లో రోడ్డు మీదే ఆపిన లారీ వెనక బైక్ గుద్దుకుందన్న వార్త రాని నెల ఉండదు. పార్కింగ్ లైటు వేయడం, రోడ్డు దిగి ఆపడం.. ఖర్చు లేని పనులు.

మూడోది మలుపు. అడ్డంగా కోసుకుంటూ తిరగకుండా, కూడలి మధ్యభాగాన్ని చుట్టి తిరగాలి. తిరిగే ముందు చెయ్యెత్తో, కొరడా ఎత్తో వెనకవాడికి సైగ చేయాలి. కొరడా పోయి ఇండికేటర్ వచ్చింది. వేసేవాళ్ల సంఖ్య మాత్రం పెద్దగా పెరిగినట్టు లేదు!

ఇంకోటి, ఫైరింజన్, అంబులెన్స్, పోలీసు బండ్లకు దారి వదలాలన్న నిబంధన. 1903లో అంబులెన్స్ అంటే గుర్రాలు లాగే బండి. అయినా దానికి దారి వదలాలని రాశారు. 108 సైరన్ వెనకే వేగంగా దూరిపోయే బైకులను చూస్తే ఆ పెద్దమనిషి ఏమనుకునేవారో.

కూడలిలో ఎవరు ముందు వెళ్లాలన్నది కూడా తేల్చారు. ఉత్తర దక్షిణాలుగా వెళ్లే బండ్లకు మొదటి హక్కు, తూర్పు పడమర బండ్లు ఆగాలి. న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దీవి నిలువుగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆ ఊరికి అది సరిపోయింది.

గుండ్రంగా తిరగండి!

జనగామను చూస్తే ఈనో బుర్రలో తర్వాత మెదిలిన ఆలోచన అర్థమవుతుంది. పడమర హైదరాబాద్, తూర్పున వరంగల్, ఉత్తరం వైపు సిద్దిపేట, దక్షిణం వైపు సూర్యాపేట. నాలుగు దిక్కుల నుంచి వచ్చే బండ్లు కలిసే ఊరు అది. 163వ నంబర్ జాతీయ రహదారి నాలుగు లేన్లయ్యాక దూరప్రయాణం బండ్లు బైపాస్‌లో వెళ్లిపోతున్నా, ఊళ్లోని చౌరస్తాలో పని తగ్గలేదు.

నాలుగు దార్లు కలిసే చోట బండ్లు ఎదురెదురుగా తగులుకునే అవకాశాలు లెక్కపెడితే పెద్ద సంఖ్యే వస్తుంది. నేరుగా వెళ్లేవాడు, కుడికి తిరిగేవాడు, ఎడమకు తిరిగేవాడు.. ప్రతి ఒక్కరి దారి ఇంకొకరి దారిని కోస్తుంది. మధ్యలో ఒక గుండ్రటి దిమ్మె పెట్టి అందరినీ దాని చుట్టూ ఒకే దిక్కుకు తిప్పితే? ఎదురెదురు ఢీ పోతుంది, అడ్డంగా కోసుకోవడం పోతుంది, పక్కనుంచి కలవడం ఒక్కటే మిగులుతుంది. ఈనో ఈ పద్ధతిని న్యూయార్క్‌లోని కొలంబస్ సర్కిల్‌లో 1905లో పెట్టించారు. బండ్లన్నీ విగ్రహం చుట్టూ ఒకే దిక్కుకు తిరగడం మొదలైంది.

రెండేళ్లు తిరిగేసరికి పారిస్‌లో విజయతోరణం చుట్టూ, పన్నెండు రోడ్లు కలిసేచోట కూడా ఇదే పద్ధతి వచ్చింది. ఇక్కడ క్రెడిట్ గొడవ ఉంది. యూజీన్ ఎనార్ అనే ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ కూడా అదే కాలంలో ఇలాంటి ప్లాన్ వేశారు. అమెరికన్లు ఈనో పేరు చెప్తారు, ఫ్రెంచివాళ్లు ఎనార్ పేరు చెప్తారు. ఇద్దరికీ విడివిడిగా తట్టిందనుకోవడమే న్యాయం. వన్‌వే సంగతీ అంతే. లండన్‌లో ఆల్బెమార్ల్ స్ట్రీట్ అనే వీధిని 1800ల మొదట్లోనే, అక్కడ జరిగే సైన్స్ ఉపన్యాసాలకు వచ్చే బండ్ల రద్దీ తట్టుకోలేక వన్‌వే చేశారు. ఈనో దాన్ని కనిపెట్టలేదు. ఒక వీధిలో ఒక అవసరానికి వాడిన ఉపాయాన్ని నగరం మొత్తానికి పనికొచ్చే పద్ధతిగా మార్చాలని పట్టుబట్టారు, అదీ ఆయన గొప్ప.

కానీ గుండ్రటి సర్కిల్‌లో ఈనో వదిలేసిన ఒక లొసుగు ఉంది. బయటి నుంచి వచ్చే బండి ముందు దూరాలా? లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలా? పాత సర్కిళ్లలో ఈ సంగతి తేల్చలేదు. కొన్నిచోట్ల లోపలికొచ్చే వాడికే మొదటి హక్కు. కార్లు పెరిగేకొద్దీ సర్కిల్ లోపలి బండ్లు బయటికి పోలేక, బయటివి లోపలికి రాలేక మొత్తం బిగుసుకుపోయేది. 1966లో బ్రిటన్ ఒక్క రూల్‌తో దీన్ని విడదీసింది. లోపల తిరుగుతున్న బండికే మొదటి హక్కు, వచ్చేవాడు ఆగి చూసి దూరాలి. అంతే, సర్కిళ్లు మళ్లీ కదిలాయి. మన దేశంలో డ్రైవింగ్ నిబంధనలు కూడా ఇదే చెప్తాయి. విగ్రహం ఉన్న ఏ చౌరస్తా దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి, ఎంతమంది ఆగి లోపలివాడికి దారిస్తున్నారో లెక్కపెట్టండి. వేళ్లు సరిపోతాయి.

మైలురాళ్లు కాదు.. పుస్తకాలు

1909లో వీధుల ట్రాఫిక్ నియంత్రణ మీద పుస్తకం, 1920లో రహదారి ట్రాఫిక్ శాస్త్రం మీద ఇంకోటి. అలా రాస్తూనే ఉన్నారు. న్యూయార్క్ తర్వాత లండన్, పారిస్ అధికారులతో మాట్లాడి అక్కడి రూల్స్‌లోనూ చెయ్యి పెట్టారు. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు, ప్రభుత్వ పదవి లేదు, జీతం లేదు. సొంత డబ్బుతో సొంత పిచ్చి. 1921లో కనెటికట్ రాష్ట్రంలో తన పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టి దానికి ఆస్తి రాసిచ్చారు. రోడ్డు మీద బండ్ల కదలికను చదువుగా నేర్పాలి, పరిశోధన చేయాలి అన్నది దాని పని. ట్రాఫిక్ ఇంజినీర్ అనే ఉద్యోగం అప్పుడప్పుడే పుడుతున్న రోజులవి.

బండి సీటు నుంచి చూసిన రోడ్డు

ఇక్కడిదాకా చెప్పింది గొప్పలు. అసలు గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఈనో రూల్స్ ఎవరి కోసం?

ఆయన రోడ్డును చూసింది బండి సీట్లో కూర్చుని. చిన్నప్పుడు ఇరుక్కుపోయింది బండిలో, పెద్దయ్యాక విసుక్కున్నదీ బండిలోనే. కాబట్టి ఆయన లెక్కలో సమస్య అంటే బండి ఆగిపోవడం, పరిష్కారం అంటే బండి కదలడం. నడిచేవాళ్ల కోసం రోడ్డు మధ్యలో నిలబడటానికి దిమ్మెలు ఉండాలని, దాటే చోట్లు గుర్తించాలని ఆయన కూడా చెప్పారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మొదటి లెక్క బండ్లదే.

గుర్రం నడిచే వేగంలో ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. బండి సాఫీగా కదిలితే నడిచేవాడికీ భయం తగ్గేది. 1920ల్లో కార్లు లక్షల్లో రోడ్డెక్కాక సీన్ మారిపోయింది. సాఫీగా కదలడం అంటే వేగంగా కదలడం అయింది. అమెరికా నగరాల్లో కార్ల కింద పడి చనిపోయినవాళ్లలో నడిచేవాళ్లు, అందులోనూ పిల్లలు చాలామంది. అప్పటిదాకా రోడ్డు అంటే అందరూ నడిచే చోటు. 1925లో లాస్ ఏంజెలెస్ నగరం నడిచేవాళ్లు గీత దగ్గరే దాటాలని, లేకపోతే తప్పు వాళ్లదేనని చట్టం చేసింది. మిగతా నగరాలు అదే బాట పట్టాయి. రోడ్డు చేతులు మారిపోయింది.

ఇప్పుడు 163వ నంబర్ హైవే మీదికి రండి. ఆలేరు దాటాక పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్.. ఊళ్లకు ఊళ్లు రోడ్డుకు ఆనుకునే ఉన్నాయి. ఇల్లు ఒకవైపు, పొలం ఇంకోవైపు. బడి ఇటు, బస్‌స్టాప్ అటు. రోడ్డు రెండు వరసలుగా ఉన్నప్పుడు ఎడ్లబండి తోలుకుంటూ దాటినవాళ్లు, నాలుగు వరసలయ్యాక డివైడర్ దగ్గర ఆగి, చీర కొంగో, పంచె అంచో బిగించి పరుగెత్తాల్సి వస్తోంది. వచ్చే కారు ఎంత దూరంలో ఉందో కంటికి తెలుస్తుంది, ఎంత వేగంతో వస్తుందో తెలియదు. ముసలివాళ్లకు అసలే తెలియదు.

రాంగ్ రూట్ సంగతి కూడా ఇక్కడే పుడుతుంది. యూటర్న్ కిలోమీటర్ల అవతల ఉంటే, పక్క ఊరికి పోయే బైక్ ఆయన అంతదూరం పోయి తిరిగొస్తాడా? పెట్రోల్ ఎవరిస్తారు? అంచు పట్టుకుని ఎదురుగా వచ్చేస్తాడు. తప్పే, కాదనలేం. కానీ ఆ తప్పును ముందే ఊహించి సర్వీస్ రోడ్డు, అండర్‌పాస్ ఎక్కడ పెట్టాలో తేల్చడం రోడ్డు గీసినవాళ్ల పని. ఈనో చివరిదాకా పోలీసులకు చెప్పింది కూడా దాదాపు ఇదే దారిలో ఉంటుంది. జనం పదేపదే ఒకే రూల్ తప్పుతున్నారంటే జనాన్ని తిట్టే ముందు ఆ చోటును ఒకసారి చూడాలి. తొమ్మిదేళ్ల వయసులో ఆయన బండివాళ్లను తప్పుపట్టలేదు, వాళ్లకు పద్ధతి చెప్పేవాళ్లు లేరని గమనించారు.

దేశం మొత్తం లెక్క చూస్తే కేంద్ర రవాణా శాఖ ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 100కి 44 మంది టూవీలర్ మీద వెళ్లేవాళ్లు, 19 మందికి పైగా నడిచేవాళ్లు. అంటే చనిపోయినవాళ్లలో మూడింట రెండొంతుల దాకా ఒంటి చుట్టూ రేకు కూడా లేనివాళ్లే. అతివేగం వల్ల పోయిన ప్రాణాలు 100కి 70కి పైనే. జామ్‌లో ఇరుక్కుని ఎవరూ చనిపోరు. ఖాళీ రోడ్డు మీద పోతారు. ఈనో జీవితమంతా పోరాడింది జామ్‌తో. ఖాళీ రోడ్డు మీది వేగం ఆయన తర్వాతి తరానికి మిగిలిపోయిన పని. రోడ్డు మధ్య డివైడర్, స్పీడ్ గన్, సీటు బెల్టు, హెల్మెట్, ఊరి ముందు రంబుల్ స్ట్రిప్స్.. ఇవన్నీ ఆ పనిలో భాగంగా వచ్చినవే.

మరి మేడారం వన్‌వే? అది జామ్‌కు మందే కానీ, దానివల్ల ప్రాణాలు కూడా దక్కుతాయి. అడవి రోడ్డులో రాత్రిపూట, నిద్ర లేని డ్రైవర్లు, పిల్లాపాపలతో నిండిన ట్రాక్టర్లు.. ఎదురెదురుగా వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాళేశ్వరంలో 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలు జరిగినప్పుడు కూడా భూపాలపల్లి జిల్లా రోడ్లకు ఇలాంటి పరీక్షే ఎదురైంది. అయితే వన్‌వేలో ఒక ప్రమాదం కూడా దాగి ఉంది. ఎదురుగా ఎవరూ రారన్న ధైర్యంతో కాలు ఆక్సిలేటర్ మీద బరువెక్కుతుంది. జాతర నుంచి తిరిగొచ్చేటప్పుడు పరకాల దాకా దారి ఖాళీగా కనిపించినా, పక్క ఊళ్ల నుంచి రోడ్డెక్కే బైకులు, మేకల మందలు ఉంటూనే ఉంటాయి.

చివరి రోజులు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాదే, 1945 డిసెంబర్ 3న, ఈనో కనెటికట్‌లో కన్నుమూశారు. అప్పటికి అమెరికాలో ప్రతి పట్నంలోనూ ఎర్ర, పచ్చ దీపాలు వచ్చేశాయి. స్టాప్ బోర్డు, వన్‌వే బాణం, ట్యాక్సీ స్టాండు, రోడ్డు మధ్యలో నిలబడే దిమ్మె.. ఆయన అడిగినవన్నీ రోజూ కనిపించే వస్తువులైపోయాయి. రోజూ కనిపించేవాటి వెనక ఎవరున్నారో ఎవరూ అడగరు కాబట్టి ఆయన పేరు కూడా అలాగే మరుగున పడింది.

ఫౌండేషన్ మాత్రం ఆగలేదు. ఆయన పోయిన రెండేళ్లకు, 1947లో, ట్రాఫిక్ మీద ఒక త్రైమాసిక పత్రికను మొదలుపెట్టింది. ఆ సంస్థ ఇప్పుడు ఈనో సెంటర్ ఫర్ ట్రాన్స్‌పోర్టేషన్ పేరుతో వాషింగ్టన్‌లో పనిచేస్తోంది. కొలంబస్ సర్కిల్‌లో విగ్రహం చుట్టూ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అక్కడ గడియారం ముల్లుకు ఎదురుగా, మన దగ్గర ముల్లు తిరిగే వైపు.